బడి, అంగడి, అమానతు

సర్వ స్తోత్రాలకూ అర్హుడు అల్లాహ్ ఒక్కడే. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (స)పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక!

 

జూన్ రెండవ వారంలో మన రాష్ట్రంలో బడులు తెరుచుకుంటాయి. ఆ నెలలో సికింద్రాబాద్‌లోని ఏ మస్జిదు ఇమామునైనా అడిగి చూడండి. నమాజు గురించో, వారసత్వం గురించో మసలా అడగడానికి వచ్చేవారి కంటే ఫీజు గోడు చెప్పుకోవడానికి వచ్చేవారే ఎక్కువని చెబుతారు. బోయినపల్లి నుంచి వచ్చినా, చిలకలగూడ నుంచి వచ్చినా, రసూల్‌పురా నుంచి వచ్చినా గోడు ఒక్కటే. అందువల్ల ఈ జుమా నాడు ఈ విషయాన్నే ఎంచుకున్నాము.

విద్యాసంస్థల యాజమాన్యాలు కొన్ని ఇప్పుడు బాహాటంగానే ఒక మాట అంటున్నాయి. విద్యార్థి మాకు గ్రాహకుడు, అతనికి నచ్చినది అందించి ధర పుచ్చుకోవడమే మా పని అని. తల్లిదండ్రుల నోట అదే మాట మరో రూపంలో వినిపిస్తుంది. డబ్బు కడుతున్నాము, కాబట్టి మేము కోరినది ఇవ్వవలసిందే అని. మన జంట నగరాల వాడుకలో చెప్పాలంటే, బడి దుకాణమైంది, బిడ్డ గిరాకీ అయ్యాడు. ఇది ధర్మసమ్మతమేనా? దీనికి ఒక్క మాటలో అవుననో కాదనో బదులిస్తే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది. బడి వ్యవహారంలో కొంత భాగం నిజంగానే బేరసారం. మిగిలినది, అంటే పెద్ద భాగం, బేరసారం కాదు. ఆ సరిహద్దు ఎక్కడ ఉన్నదో చూపడమే నేటి మా ప్రయత్నం.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. ఇస్లాంలో వ్యాపారం తక్కువ పని కాదు. దైవప్రవక్త (స) స్వయంగా వర్తకం చేశారు. ముస్లిముల తల్లి హజ్రత్ ఖదీజా (రజి) సరుకుతో సిరియా వెళ్లి, నమ్మకంగా లాభం తెచ్చి ఇచ్చారు. కొనుగోలుదారుకు మన షరీఅత్ ఇచ్చిన హక్కులు కూడా చిన్నవి కావు. సరుకులో లోపం బయటపడితే తిరిగి ఇచ్చే హక్కు ఉన్నది. ధర, పరిమాణం, గడువు ముందే తెలుసుకునే హక్కు ఉన్నది. కొలతలో తగ్గించేవారిని గురించి ముతఫ్ఫిఫీన్ సూరా ఆరంభంలో ఎంత కఠినమైన హెచ్చరిక ఉన్నదో మీలో చాలామందికి తెలుసు. తాము తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు కోతపెట్టేవారికి ఆ హెచ్చరిక. ఇది కిరాణా కొట్టు తక్కెడకే పరిమితమని అనుకోవద్దు. ఏడాది ఫీజు జూన్‌లోనే నిండుగా వసూలు చేసి, లెక్కల ఉపాధ్యాయుణ్ణి దసరా దాకా నియమించని బడి కూడా ఆ తక్కెడ పట్టుకున్నదే.

మరి చదువు చెప్పి డబ్బు తీసుకోవడం సమ్మతమేనా అని కొందరు యువకులు అడుగుతుంటారు. మా ఉస్తాదుల వద్ద మేము చదువుకున్నది క్లుప్తంగా చెబుతాము. ఖుర్ఆన్ బోధనకు వేతనం తీసుకోరాదని మన హనఫీ పూర్వ విద్వాంసులు అన్నారు. ఆనాడు ఉపాధ్యాయులకు బైతుల్ మాల్ నుంచి భృతి అందేది. ఆ భృతి ఆగిపోయిన తర్వాత, వేతనం లేకపోతే బోధనే ఆగిపోతుందని గ్రహించిన తర్వాతి ఫుఖహా దానిని అనుమతించారు. ఖుర్ఆన్ బోధన విషయంలోనే ఇలా అయినప్పుడు గణితం, ఇంగ్లిషు, విజ్ఞానశాస్త్రం బోధించేవారు వేతనం తీసుకోవడంలో దోషమేమీ లేదు. కూలివాని చెమట ఆరకముందే కూలి ఇవ్వమన్న ప్రవక్త (స) హితవు ఉపాధ్యాయునికీ వర్తిస్తుంది.

అయితే ఆ డబ్బు దేనికి? ఫిఖ్‌హ్ భాషలో ఇది ఇజారా, అంటే ఒకరి శ్రమనూ సమయాన్నీ నిర్ణీత ప్రతిఫలానికి కుదుర్చుకోవడం. మనం కుదుర్చుకున్నది ఉపాధ్యాయుని శ్రమ, గది, బల్ల, ప్రయోగశాల. మార్కులను మనం కొనలేదు. విద్యను కూడా కొనలేదు, దానిని ప్రసాదించేవాడు అల్లాహ్. ఇక ఇజారా చెల్లాలంటే ప్రతిఫలం ఎంతో మొదటే తెలియాలి. ప్రవేశం రోజున ఒక అంకె చెప్పి, ఆగస్టులో ల్యాబ్ అని, అక్టోబరులో యాప్ అని, జనవరిలో వార్షికోత్సవం అని కొత్త అంకెలు కలుపుతూ పోవడం ఒప్పందాన్ని చెరుపుతుంది. బెల్టు, బూట్లు, నోటు పుస్తకాలు మా వద్దనే కొనాలి, బయట సగం ధరకు దొరికినా సరే అని పట్టుబట్టడం దానికంటే అధ్వానం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1994 జనవరి 1న వచ్చిన జీవో నంబరు 1 ప్రకారం, ప్రైవేటు బడి ఫీజు రాబడిలో సగం ఉపాధ్యాయుల జీతాలకు పోవాలి. యాజమాన్యం ఉంచుకోదగినది 5 శాతం. ముప్ఫై ఏళ్లు దాటింది. మన వీధి బడుల్లో బి.ఇడి. చదివిన ఆడపిల్లలు ఎంత జీతానికి పనిచేస్తున్నారో, ఆ జీతం ఏ తేదీన అందుతున్నదో మీ ఇళ్లలోనే అడిగి తెలుసుకోండి.

కాబట్టి డబ్బు విషయంలో తల్లిదండ్రులను గ్రాహకులుగానే చూడండి అని మేము యాజమాన్యాలతో అంటాము. రసీదు ఇవ్వండి. లెక్క చెప్పండి. మాట ఇచ్చిన సౌకర్యం కల్పించండి, లేదా దాని సొమ్ము తిరిగి ఇవ్వండి. కోవిడ్ కాలంలో, 2020 ఏప్రిల్ 21న, మన రాష్ట్ర ప్రభుత్వం జీవో నంబరు 46 జారీ చేసింది. ఆ విద్యా సంవత్సరానికి ఫీజు పెంచరాదు, ట్యూషన్ ఫీజు మాత్రమే నెలనెలా తీసుకోవాలి అని. తెరవని ప్రయోగశాలకు, తిరగని బస్సుకు రుసుము తీసుకోరాదని గ్రహించడానికి నిజాయితీగల దుకాణదారునికి జీవో అవసరమా?

అయితే ఈ గ్రాహకత్వం డబ్బు బల్ల దగ్గరే ఆగాలి, తరగతి గది గడప దాటరాదు. ఎందుకో చెప్పడానికి మన ఇమామె ఆజమ్, హజ్రత్ అబూ హనీఫా (రహ్మ) జీవితం కంటే మంచి ఉదాహరణ మాకు కనిపించలేదు. హిజ్రీ 150లో పరమపదించిన ఆ మహనీయుడు కూఫా నగరంలో పట్టుబట్టల వర్తకుడు. గిరాకీ అంటే ఏమిటో పుస్తకాల్లో చదివి తెలుసుకున్నవాడు కాదు, దుకాణంలో కూర్చుని తెలుసుకున్నవాడు. ఒకసారి ఆయన భాగస్వామి, లోపం ఉన్న వస్త్రాన్ని ఆ లోపం చెప్పకుండానే అమ్మివేశాడు. కొన్నవారెవరో తెలియలేదు. ఇమాము గారు ఆ సరుకు మీద వచ్చిన సొమ్మంతా దానం చేసివేశారు. ఇది దుకాణంలో ఆయన పద్ధతి.

అదే మనిషి బోధనా పీఠం మీద ఎలా ఉన్నారో చూడండి. అబూ యూసుఫ్ అనే పేద బాలుడు ఆయన వద్ద చదువుకునేవాడు. ఇంట్లో గడవక, చదువు మాని పనికి పొమ్మన్నారు. బాలుడు రావడం మానేశాడు. ఇమాము గారు గమనించి పిలిపించారు, సంగతి తెలుసుకున్నారు, దిర్హముల సంచి చేతిలో పెట్టారు. ఇది అయిపోతే చెప్పు, చదువు మాత్రం వదలవద్దు అన్నారు. ఆ బాలుడే తర్వాత హారూన్ రషీద్ కాలంలో ప్రధాన ఖాజీ అయ్యాడు. దుకాణంలో గిరాకీ రాకపోతే వర్తకుడు నష్టమని చింతించి ఊరుకుంటాడు, వెతుక్కుంటూ వెళ్లి అతని చేతిలోనే డబ్బు పెట్టడు. శిష్యుడు రాకపోతే గురువు అలా ఊరుకోలేడు. ఒకే మనిషి, ఒకే ఊరు, ఒకే రోజు ఈ రెండు స్థలాల్లోనూ కూర్చునేవారు. ఒక స్థలం రివాజును ఇంకో స్థలంలోకి తేలేదు.

ఇప్పుడు మన ఊరి సంగతికి వస్తాము. గత రమజాన్‌కు ముందు ఒక ఆటో డ్రైవరు సోదరుడు జుహర్ తర్వాత మా వద్దకు వచ్చాడు. పదవ తరగతి చదివే కూతురికి హాల్ టికెట్ ఇవ్వడం లేదు, 18,000 బకాయి ఉంది అన్నాడు. బకాయి నిజమే, దాచలేదు. రెండు నెలలు ఆస్పత్రి పాలయ్యాడు. అతనిని బాధించినది బకాయి కాదు. నాలుగు రోజులుగా ఆ పిల్లను ఉదయం ప్రార్థన కాగానే వరుసలోంచి బయటికి పిలిచి ఆఫీసు ముందు నిలబెడుతున్నారు. స్నేహితులు తరగతికి వెళుతూ చూస్తున్నారు. ఐదవ రోజు పిల్ల బడికి వెళ్లనన్నది. ఆ బడి పేరు చెప్పము. ఒక్క బడి పేరు చెబితే మిగిలినవారు ఊపిరి పీల్చుకుంటారు. మస్జిదులోని నలుగురు కలిసి ఆ సొమ్ము సర్దారు, పిల్ల పరీక్ష రాసింది. అయినా ఆ నాలుగు ఉదయాలను ఎవరు తిరిగి ఇవ్వగలరు?

షరీఅత్ దృష్టితో ఆలోచించండి. ఆ 18,000 ఎవరి అప్పు? ఒప్పందం చేసుకున్నది తండ్రి, కాబట్టి అప్పు తండ్రిది. ఒకరి భారం ఇంకొకరి మీద మోపరాదన్నది మన దీన్‌లో మూల సూత్రం. అప్పున్నవాడు నిజంగా ఇబ్బందిలో ఉంటే తేరుకునేదాకా గడువు ఇవ్వమని, మాఫీ చేస్తే మరీ మంచిదని బఖరా సూరాలో ఆదేశం ఉన్నది. బకాయికి బదులుగా ధ్రువపత్రాన్ని అట్టిపెట్టుకునేవారు అది తమ హక్కనుకుంటారు. ఫిఖ్‌హ్‌లో తాకట్టును రహ్న్ అంటారు. రహ్న్ చెల్లాలంటే తాకట్టు పెట్టేవాడు తన వస్తువును తన ఇష్టంతో పెట్టాలి, అది అమ్మి అప్పు తీర్చుకోదగిన ఆస్తి అయి ఉండాలి. పిల్లవాని టి.సి., మెమో, హాల్ టికెట్ ఎవరూ తాకట్టు పెట్టలేదు. అవి అమ్ముడుపోయే ఆస్తీ కావు. దానిని పట్టుకున్నవాడు అప్పు రాబట్టుకోవడం లేదు, బిడ్డను బందీ చేస్తున్నాడు. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖురైషీయుల్లో చదువు వచ్చినవారిని ప్రవక్త (స) ఏమి చేశారో గుర్తుంది కదా! పరిహారం చెల్లించలేనివారు మదీనా పిల్లలు పదేసి మందికి రాయడం నేర్పితే చాలు, విడుదల అన్నారు. అక్కడ చదువు బందీలను విడిపించింది.

దేశంలోని చట్టం కూడా ఈ విషయంలో మూగగా లేదు. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్నది. పిల్లలను కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్ని కూడా అది నిషేధించింది. టి.సి. ఆలస్యమైందన్న కారణంతో ప్రవేశం నిరాకరించరాదని చెప్పింది. ఫీజు బకాయి వసూలుకు టి.సి.ని సాధనంగా వాడరాదని 2024లో మద్రాసు హైకోర్టు తీర్పు చెప్పింది. వియ్యాలవారి ముందు, పొరుగువారి ముందు పరువు పోతుందని మన వారు ఈ మాటలేవీ బడిలో ఎత్తరు. ఎత్తండి, మర్యాదగా ఎత్తండి.

విద్యార్థి వినియోగదారుడా అన్న ప్రశ్న కోర్టుల్లోనూ నలిగింది. విశ్వవిద్యాలయం సేవను అమ్మే సంస్థ కాదు, విద్యార్థి వినియోగదారుడు కాడు అని 2010లో మహర్షి దయానంద విశ్వవిద్యాలయం కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2020 జనవరిలో జాతీయ వినియోగదారుల కమిషన్ అదే దారిలో నడిచి, విద్యాసంస్థలు వినియోగదారుల చట్టం కిందికి రావని, కోచింగ్ కేంద్రాలు మాత్రం వస్తాయని చెప్పింది. ఆ తీర్పుపై అప్పీలును సుప్రీంకోర్టు స్వీకరించింది. కోచింగ్ కేంద్రం అంగడి, బడి మాత్రం అంగడి కాదు అన్న ఆ విభజన మాకు ఆసక్తికరంగా తోచింది. మన ఊళ్లో ఏ గోడ ఇవతల బడి ఉన్నదో, ఏ గోడ అవతల కోచింగ్ ఉన్నదో కనిపెట్టడం కష్టం. ఉదయం బడి, సాయంత్రం కోచింగ్, రెండింటికీ ఒకే రసీదు!

ఒక ప్రమాదాన్ని కూడా దాచకుండా చెప్పాలి. విద్యార్థి గ్రాహకుడు కాడు అని తీర్పు రాగానే కొన్ని యాజమాన్యాలు సంతోషిస్తాయి. ఫిర్యాదు చేసే దారి మూతపడిందని వాటి సంతోషం. వసూలు చేసేటప్పుడు వ్యాపారులు, జవాబు చెప్పవలసి వచ్చినప్పుడు విద్యాదాతలు! కోర్టులు విద్య సరుకు కాదన్నది యాజమాన్యాలకు రక్షణ కవచం ఇవ్వడానికి కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017 సెప్టెంబరు 6న ప్రైవేటు వైద్య కళాశాలల ట్యూషన్ ఫీజును ఏడాదికి 24 లక్షల రూపాయలకు పెంచింది. అంతకు ముందున్న దానికి అది ఏడు రెట్లు. హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది. విద్య లాభార్జనకు చేసే వ్యాపారం కాదని, ట్యూషన్ ఫీజు భరించదగినదిగా ఉండాలని స్పష్టం చేసి, అప్పీలుకు వెళ్లిన కళాశాలకూ ప్రభుత్వానికీ కలిపి 5 లక్షలు ఖర్చుల కింద విధించింది. విద్య సరుకు కాదన్న మాటకు అర్థం ఇదే. అమ్మేవానికి బాధ్యత తగ్గదు, పెరుగుతుంది.

సోదరులారా! గిరాకీ దృష్టి బడిలో ప్రవేశిస్తే దానివల్ల కలిగే అసలు నష్టం ఫీజులో కనిపించదు. వర్తకుడు పెద్ద గిరాకీని ముందు కూర్చోబెడతాడు, చిల్లర గిరాకీని వేచి ఉండమంటాడు. అంగడిలో అది నేరం కాదు. బడిలో అది ఎంత పెద్ద తప్పిదమో తెలుసుకోవాలంటే అబస సూరా అవతరించిన సందర్భాన్ని తలచుకోండి. మక్కాలో ప్రవక్త (స) ఖురైషు నాయకులతో మాట్లాడుతున్నారు. వారు సత్యాన్ని స్వీకరిస్తే వారి వెంట జనమంతా వస్తారన్న ఆశ. ఆ ఆశలో స్వార్థం లేదు. సరిగ్గా అప్పుడే అంధుడైన అబ్దుల్లాహ్ ఇబ్నె ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి, నాకు నేర్పండి అని అడిగారు. ప్రవక్త (స) ముఖం చిట్లించి, నాయకుల వైపే తిరిగారు. చిట్లించిన ముఖాన్ని ఆ అంధుడు చూడలేదు కూడా. అయినా వహీ అవతరించింది. నిర్లక్ష్యంగా ఉన్నవానికి శ్రద్ధ చూపి, భయభక్తులతో నేర్చుకోవడానికి పరుగున వచ్చినవానిని పక్కన పెట్టడం తగదని అల్లాహ్ తన ప్రియ ప్రవక్తనే హెచ్చరించాడు. తర్వాత ప్రవక్త (స) ఆయనను ఎంతో గౌరవించేవారు. ఆయన మస్జిదె నబవీలో అజాన్ ఇచ్చారు. ప్రవక్త (స) ఊరు విడిచి వెళ్లిన సందర్భాల్లో మదీనా బాధ్యత ఆయనకు అప్పగించారు.

ఈ సూరాను మేము తరగతి గదిలోకి తీసుకు వెళ్లి చదవాలనుకుంటాము. మన తెలుగు రాష్ట్రాల్లో ఫలితాలు వెలువడిన రోజున టీవీ పెట్టండి. ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, మూడు అని ర్యాంకులు చదువుతారు. ఆ ఫొటోల వెనుక లెక్క ఏమిటి? బాగా చదివే కొందరిని వేరు సెక్షనులో పెట్టి, ఫీజు తగ్గించి, మంచి అధ్యాపకులను వారికే కేటాయిస్తారు. మిగిలిన వందలమందిని వేరే సెక్షనుల్లో నింపి, నిండు ఫీజు తీసుకుంటారు. జాగ్రత్తగా చూస్తే ర్యాంకు పిల్లవాడు అక్కడ గిరాకీ కూడా కాదు, దుకాణం ముందు అద్దంలో పెట్టిన నమూనా చీర. గిరాకీలు మిగిలినవారు. నమూనా చూసి కొన్నారు, ఇంటికి వెళ్లి విప్పి చూస్తే వేరే బట్ట. వెనుక బెంచీలో ఎన్ని ఉమ్మె మక్తూమ్‌లు నాకు నేర్పండి అని ఎదురు చూస్తున్నారో!

అధ్యాపకుల గతి మరొకటి. వేసవి సెలవుల్లో వారిని ఇంటింటికీ తిప్పుతారు, ఇన్ని అడ్మిషన్లు తేవాలని లక్ష్యం పెడతారు. ఎండలో కరపత్రం పట్టుకుని మీ గుమ్మంలో నిలబడిన లెక్చరరును చూసిన పిల్లవాడు, జూన్‌లో అదే మనిషి పాఠం చెబుతుంటే ఏ కళ్లతో చూస్తాడు?

తల్లిదండ్రుల దోషం కూడా చెప్పకపోతే ఖుత్బా ఒక కంటితో చూసినట్లవుతుంది. మన పాత ఇళ్లలో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకు బిస్మిల్లా ఖ్వానీ చేసి, పిల్లవానిని ఉస్తాదు చేతిలో పెట్టేవారు. మాంసం మీది, ఎముకలు మాత్రం మావి అని ఉర్దూలో ఒక సామెత చెప్పేవారు. ఆ సామెత తిరిగి రావాలని మేము కోరడం లేదు. దాని చాటున ఎంత బెత్తం విరిగిందో మా తరానికి తెలుసు. అయితే దాని లోపల ఉన్న నమ్మకం పోయి, దాని స్థానంలో వాట్సాప్ గ్రూపు వచ్చింది. హోంవర్కు ఎక్కువైందని ఒక ఫిర్యాదు, తక్కువైందని ఇంకొకటి. మందలించిన టీచరును ప్రిన్సిపాల్ ఎదుట నిలబెట్టి క్షమాపణ చెప్పించుకున్న తండ్రి, డబ్బు కడుతున్నాను కదా అంటాడు. ఆ రోజు ఇంటికి వెళ్లిన పిల్లవాడు ఏమి నేర్చుకున్నాడు? తన ఉస్తాదు తన తండ్రి జేబులో ఉంటాడని నేర్చుకున్నాడు. ఇక ఆ ఉస్తాదు ఏ పాఠం చెప్పినా అతనికి ఎక్కదు.

కహఫ్ సూరాలో హజ్రత్ మూసా (అలై) ఉదంతం ఉన్నది. దైవప్రవక్త అయి ఉండి, విద్య కోసం దూరప్రయాణం చేసి హజ్రత్ ఖిజ్ర్ (అలై) వద్దకు వెళ్లి, మీ వెంట రావచ్చునా అని అనుమతి అడిగారు. షరతు పెట్టినది నేర్పేవారు, ఒప్పుకున్నది నేర్చుకునేవారు. అంగడిలో ఇది తలకిందులుగా ఉంటుంది. షరతులు కొనేవానివి. ప్రశ్నించరాదని దీని అర్థం కాదు. మా మద్రసాలో ప్రశ్న అడగని విద్యార్థిని మందబుద్ధి అనేవారు. నేర్చుకునేవాడు తనకు ఏమి తెలియదో తనకే తెలియని స్థితిలో వస్తాడు, కాబట్టి కావలసినది ఎంచుకునే గిరాకీగా అతను ఉండజాలడు. మామిడి పండు రుచి తెలిసినవాడు బేరం చేస్తాడు. ఆరేళ్ల పిల్లవాడు గుణింతాలలో ఏది మంచిదని బేరం చేస్తాడు?

ఇంకొక మాట, ఇది కొందరికి చేదుగా ఉంటుంది. ఫంక్షన్ హాలులో వలీమాకు లక్షలు ఖర్చు చేసి, బడి ఫీజు మాత్రం మార్చి దాకా సాగదీసే సంపన్నులు ఈ సఫ్‌లలో లేరని మేము అనలేము. చెల్లించగలిగి కూడా వాయిదా వేయడం జుల్మ్ అని ప్రవక్త (స) హెచ్చరించారు. మీరు ఆపిన సొమ్ము యజమాని ఇంట్లో ఆగదు, ఆ బి.ఇడి. చదివిన ఆడపిల్ల జీతంలో ఆగుతుంది. మీవంటివారి బకాయిల వల్లనే నిజంగా కష్టంలో ఉన్న ఆటో సోదరుని మాట కూడా ఎవరూ నమ్మడం లేదు.

చివరిగా మన సముదాయం నడుపుతున్న బడుల సంగతి. ఈ ఊరి చరిత్ర ఒకసారి తలచుకోండి. మూడవ నిజాం సికందర్ జా పేరుతో వెలసిన ఊరు ఇది. ఇక్కడ 1862లో సోమసుందరం మొదలియార్ ఒక బడిని స్థాపించారు. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరుతో అది మహబూబ్ కళాశాల అయ్యింది. ఒక హిందూ దాత శ్రమ, ఒక ముస్లిం పాలకుని పేరు, అన్ని మతాల పిల్లలు. మిషనరీ బడుల్లో చదువుకున్న పెద్దలు మన మధ్యనే ఉన్నారు. 2016లో రాష్ట్ర ప్రభుత్వం 71 మైనారిటీ గురుకులాలతో ఆరంభించిన వ్యవస్థ 200 పైచిలుకు బడులకు పెరిగింది. అక్కడ ఉచితంగా భోజనం, వసతి, చదువు లభిస్తున్నాయి. వాటిలో సీటు ఉండగా, పేరులో ఇంటర్నేషనల్ అన్న మాట లేదని చిన్నచూపు చూసి అప్పు చేసేవారిని ఏమనాలి?

మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదని 2014 మేలో ప్రమతి ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. పేదలకు 25 శాతం సీట్లు కేటాయించాలన్న నిబంధన కూడా మన బడులను బంధించదు. ఈ మినహాయింపు మనకు ఎందుకు దక్కింది? మన భాషను, దీన్‌ను, సంస్కృతిని కాపాడుకోవడానికి. పేదవాని బిడ్డను గేటు వద్ద ఆపడానికి కాదు. చట్టం మినహాయించినవారిని షరీఅత్ మినహాయించలేదు. రమజాన్‌లో జకాత్ కోసం కరపత్రాలు పంచి, జూన్‌లో జకాత్‌కు అర్హుడైన వాని కొడుకును ఆఫీసు ముందు నిలబెట్టే బడి గనుక మన మధ్య ఉంటే, అది అల్లాహ్‌కు ఏమి లెక్క చెబుతుంది? జకాత్ ఇచ్చేవారికి కూడా ఒక మసలా గుర్తు చేస్తున్నాము. జకాత్ సొమ్ము బడి భవనానికి గాని, ఉపాధ్యాయుల జీతాలకు గాని నేరుగా చెల్లదు. అర్హుడైన పేదవానికి యాజమాన్యపు హక్కుతో అందాలి, అతను దానితో ఫీజు కట్టుకోవచ్చు. భవనానికీ జీతాలకూ సదఖా, హదియా ఉన్నాయి.

ఈ జమాఅత్‌లో బడులు నడిపే సోదరులు కొందరు ఉన్నారు. వారిని మేము కోరేది పెద్దదేమీ కాదు. ఫీజు మాట తండ్రితోనే మాట్లాడండి. చీటీ రాయండి, ఫోను చేయండి, అవసరమైతే ఇంటికి వెళ్లండి, లేదా మాకు కబురు పెట్టండి, మేమే ఆ తండ్రిని పిలిచి మాట్లాడతాము. పిల్లవాని ఎదుట, తరగతి ఎదుట మాత్రం ఆ మాట ఎత్తవద్దు. ధ్రువపత్రం ఆపవద్దు.

ఆదివారం అసర్ నమాజు తర్వాత మస్జిదు కార్యాలయంలో కమిటీ సభ్యులు కూర్చుంటారు. ఫీజు బకాయి వల్ల టి.సి. గాని, మెమో గాని ఆగిపోయినవారు రసీదులు, బడి ఇచ్చిన నోటీసు వెంట తెచ్చుకోవాలి. వకీలు వృత్తిలో ఉన్న సోదరులు కూడా రావాలని మనవి. సాయం చేయదలచినవారు ఆ రోజే చెప్పవచ్చు. ఎవరి పేరూ మైకులో చదవము.

అల్లాహ్ మన పిల్లలకు ప్రయోజనకరమైన విద్యనూ, మనకు హలాల్ సంపాదననూ ప్రసాదించుగాక! ఆమీన్.

అరబీ ఖుత్బాకు వేళయింది. సున్నతులు మిగిలి ఉన్నవారు లేచి చదువుకోండి.